సమస్యాపూరణం: "పగలె రాత్రి యయ్యె పట్టణమున"

ఈ వారం సమస్య ఆటవెలదిలో చివరి పాదం. దీని ముందు మూడు పాదాలు రాసి పద్యం పూరించాలి:

పగలె రాత్రి యయ్యె పట్టణమున

మొన్న నెల్లూరులో ఆటో ఎక్కి, చిన్నప్పుడు మేం సినిమాలు చూసిన ఒక హాలు పేరు చెప్పాను. ఆటో నడిపే కుర్రాడు దారి అడక్కుండా తీసుకెళ్ళి దించాడు. అక్కడ హాలు లేదు, బట్టల షాపు ఉంది. "ఇక్కడ సినిమా ఆడేది తెలుసా నాయనా?" అంటే "అది స్టాపు పేరు కదా సార్" అన్నాడు. కనకమహల్ సెంటర్, నర్తకి సెంటర్ అంటూ సినిమా హాళ్ళ పేర్లతోనే దారి చెప్పుకునే ఊరు మనది. ఆ పేర్ల వెనక ఉన్న హాళ్ళనూ, నాటకాలనూ, ఎగ్జిబిషన్లనూ పద్యంలోకి తెద్దామని ఈ సమస్య ఇచ్చాను.

షరతు ఒక్కటే. సూర్యగ్రహణం, తుఫాను మబ్బు అని పూరించడం సులువు కాబట్టి అవి వద్దు. పగటిని రాత్రి చేసింది మన పాత వినోదమే కావాలి. కొత్తవాళ్ళ కోసం లెక్క చెబుతాను. లఘువులు (పొట్టి అక్షరాలు), గురువులు (పొడుగు అక్షరాలు) కలిసిన గుంపు గణం. సూర్యగణాలు చిన్నవి, ఇంద్రగణాలు పెద్దవి. 1, 3 పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు వస్తాయి. 2, 4 పాదాల్లో ఐదూ సూర్యగణాలే. యతి, అంటే పాదం మొదటి అక్షరంతో పొత్తు, నాలుగో గణం మొదటి అక్షరానికి. ప్రాస నియమం లేదు.

మూలాపేట మాస్టారు:

తలుపు మూసిరంత తళుకుమన్నది తెర
మండుటెండ వీధి మరచిపోతి
మాయలోకమందు మ్యాటినీ యాటలో
పగలె రాత్రి యయ్యె పట్టణమున

మాస్టారూ, మొదటి పూరణే సమస్య ముడి విప్పేసింది. రోహిణి కార్తెలో నెల్లూరు ఎండ ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళకి రెండో పాదం విలువ తెలుస్తుంది. చాలామంది మ్యాట్నీకి వెళ్ళింది సగం సినిమా కోసం, సగం ఆ నీడ కోసం. "తళుకుమన్నది" అన్న మాట తెర మీద మొదటి వెలుగు పడే క్షణాన్ని పట్టుకుంది.

కోవూరు పెద్దాయన: "మందు" తర్వాత "మ్యా" సంయుక్తాక్షరం వచ్చింది. "దు" గురువై గణం చెడదా?

చెడదు పెద్దాయన గారూ. సంస్కృత సమాసంలో అయితే ముందున్న హ్రస్వం గురువవుతుంది. ఇక్కడ "మ్యాటినీ" వేరే పదం. తెలుగు పద్యాల్లో వేరే పదం మొదట సంయుక్తం వచ్చినా ముందరి లఘువు లఘువుగానే ఉంటుంది.

ఒంగోలు తమ్ముడు (మొదటి పద్యం):

బండి మైకు వాడు వీధిలో తిరుగగ
పాంప్లెటేరుకొనుచు పరుగుపెట్టి
ఎండలోన నిలిచి యిరుకు క్యూలో దూర
పగలె రాత్రి యయ్యె పట్టణమున

తమ్ముడూ, మొదటిసారి రాసినవాడు ఇంత కొత్త దారి తొక్కుతాడని అనుకోలేదు. అందరూ హాలు లోపలి చీకటి దగ్గర ఆగారు, నువ్వు టికెట్ల సందులో చీకటి చూపించావు. ఆ సందు నాకు ఇప్పటికీ ఒంటికి తగులుతుంది. రెండు గోడల మధ్య ఒక మనిషి పట్టేంత జాగా, పైన రేకు, గాలి రాదు. నేల టికెట్టు కావాలంటే అందులో దూరాల్సిందే. చివర్లో చెయ్యి ఒక్కటే పట్టే కంత. అందులోంచి గుప్పిట్లో చిల్లర ఇస్తే అదే గుప్పిట్లోకి టికెట్లు వచ్చేవి. చొక్కా తడిసి ముద్దయినా, బయటపడి టికెట్టు ఎత్తి చూపిస్తే కింద నిలబడ్డ తమ్ముళ్ళ మొహాలు వెలిగిపోయేవి.

తప్పు ఒక్కటే ఉంది. మొదటి పాదంలో యతి. "బ"కీ "వ"కీ మైత్రి ఉంది, కానీ అచ్చు కూడా కలవాలి. "బం"లో అకారం, "వీ"లో ఈకారం. అది కుదరదు. ఇలా మారిస్తే సరిపోతుంది:

బండి మైకు వాడు వాడల దిరుగగ

"వాడు వాడల" అని శబ్దం కూడా అందంగా పడింది. భావం నీదే, ఒక్క మాటే మారింది.

మూలాపేట మాస్టారు: ఆటవెలదిలో "పాంప్లెటేరుకొనుచు" అనొచ్చా? కరపత్రం అంటే పోయేది కదా.

మాస్టారూ, గులాబీరంగు, పచ్చరంగు కాగితాల కోసం బండి వెనక పరిగెత్తిన పిల్లవాడు "కరపత్రం" అని ఎప్పుడూ అనలేదు. ఆ పిల్లవాడి మాటే పద్యంలో ఉండాలి. పైగా గణం, యతి రెండూ సరిగ్గా కుదిరాయి.

కావలి అక్క:

కూలగొట్టినారు కొసకు మా హాలును
గోడ బొమ్మలెల్ల గుండ యయ్యె
ఆట చూసినట్టి యవ్వ కన్నుల ముందు
పగలె రాత్రి యయ్యె పట్టణమున

అక్కా, ఇది చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. యతులు నాలుగూ సరిగ్గా ఉన్నాయి. మూడో పాదంలో "ఆ"కి "య"తో యతి చెల్లుతుంది. ఒక్క సూచన. "యయ్యె" రెండో పాదంలోనూ వచ్చి, చివరి పాదంలోనూ రావడంతో సమస్య బలం తగ్గింది. "గుండ గాగ" అంటే గణం చెడదు, క్రియ చివరి పాదం కోసం మిగులుతుంది.

కావలి అక్క: మార్చుకున్నాను అన్నయ్యా. మా అవ్వ సంగతి చెప్పాలి. 1989 నవంబరు తుఫాను కావలి దగ్గరే తీరం దాటింది కదా. ఆ గాలికి మా హాలు పైకప్పు రేకులు ఎగిరిపోయాయి. అవ్వ ఇంటికి ఏమైందో చూసుకుని, తర్వాత అడిగిన మాట "హాలు నిలబడిందా?" అని. ఆమెకు పెళ్ళయి కావలి వచ్చాక ఇంటి గడప దాటి వెళ్ళగలిగిన చోట్లు రెండే, గుడి, ఆ హాలు. ఆడవాళ్ళ క్యూ వేరే ఉండేది. పక్కింటివాళ్ళు, ఎదురింటివాళ్ళు అందరూ కలిసి మ్యాట్నీకి వెళ్ళి, చంటిపిల్లల్ని ఒళ్ళో పడుకోబెట్టుకుని చూసేవాళ్ళు. రేకులు మళ్ళీ వేశారు, సినిమాలు మళ్ళీ ఆడాయి. తుఫానుకు నిలబడ్డ గోడలు తర్వాత మనుషులు కొడితే పడిపోయాయి. ఆ రోజు అవ్వ అన్నం తినలేదు.

మా ఇళ్ళలో ఆడవాళ్ళకు సినిమా హాలు అంటే ఏమిటో ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు అక్కా.

కోవూరు పెద్దాయన:

నాటకమ్ము చూడ నడిరేయి గడచెను
కోడి కూసెగాని కునుకు లేదు
ఇంటి కొచ్చి జనములెల్ల నిద్దుర పోవ
పగలె రాత్రి యయ్యె పట్టణమున

చాలా తెలివైన పూరణ. చీకటితో పని లేకుండా పగటిని రాత్రి చేశారు. మూడో పాదంలో "ఇ"కి "లెల్ల"తో యతి ఎలా అని కొత్తవాళ్ళు అడుగుతారు. "జనములు + ఎల్ల" కలిసినప్పుడు లోపల ఉన్న ఎకారానికి ఇకారంతో మైత్రి. "కొచ్చి" బదులు "కేగి" అంటే పద్యభాషకు నప్పుతుంది.

కోవూరు పెద్దాయన: "కేగి" తీసుకుంటాను బాబూ. మేం కోవూరు నుంచి పెన్న దాటి నాటకాలకు వచ్చేవాళ్ళం. పద్యం బాగా ఎత్తితే "వన్స్ మోర్" అని కేకలు. నటుడు మళ్ళీ అదే పద్యం, ఇంకాస్త పెద్ద రాగంతో. ఒక్కో పద్యం మూడుసార్లు పాడించుకున్న రోజులున్నాయి. అందుకే తెల్లారిపోయేది. మర్నాడు పగలు ఏ అరుగు మీద చూసినా మనుషులు పడుకునే ఉండేవాళ్ళు.

రేబాల లక్ష్మీనరసారెడ్డి పురమందిరం (మన టౌన్‌హాలు) ఇప్పటికీ ఉంది కాబట్టి నాటకం పూర్తిగా పోయిందని నేననను. కానీ తెల్లవార్లూ కూర్చునే జనం పోయారు. హరికథలకూ అంతే. గాయకుడు ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారు మన నెల్లూరువారని అందరికీ తెలుసు, ఆయన తండ్రి సాంబమూర్తి గారు హరికథకులన్నది చాలామందికి తెలియదు. అరుగుల ముందు చాపలు వేసుకుని కథ విన్న ఊరు ఇది. దాని మీద ఎవరైనా విడిగా పద్యం రాయండి.

స్టోన్‌హౌస్‌పేట సభ్యుడు:

ఫిల్ము ముక్క తెచ్చి పిల్లలందరు చేరి
తలుపు వేసి కిటికి తడిక మూసి
అద్ద మెండ బట్టి యాడించ బొమ్మను
పగలె రాత్రి యయ్యె పట్టణమున

స్టోన్‌హౌస్‌పేట సభ్యుడు: మా నాన్న సినిమా హాల్లో ఆపరేటర్. 35 ఎంఎం ఫిల్ము వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాలు ఆడుతుంది. కుడి పక్క పైమూల చిన్న చుక్క మెరవగానే రెండో ప్రొజెక్టర్ అందుకోవాలి. ఒక్క క్షణం ఆలస్యమైతే తెర తెల్లబోతుంది, హాలంతా ఈలలు. ప్రొజెక్టర్‌కు వెలుగిచ్చే కార్బన్ కడ్డీలు కాలుతూ తగ్గిపోతుంటే వాటి మధ్య దూరం చూసుకుంటూ ఉండాలి. ఆ వేడికి, ఆ పొగకి క్యాబిన్‌లో బనీనుతోనే నిలబడేవాడు. ఒకే ప్రింటు రెండు హాళ్ళలో ఆడే రోజుల్లో రీలు డబ్బాలు సైకిల్ మీద ట్రంకు రోడ్డు దాటి వచ్చేదాకా ఆయన కళ్ళు మెట్ల వైపే. ఫిల్ము తెగితే అతికించగా మిగిలిన ముక్కలు జేబులో వేసుకొచ్చేవాడు. ఫ్యూజు పోయిన బల్బులో నీళ్ళు పోసి భూతద్దం చేసి, అద్దంతో ఎండను లోపలికి కొట్టించి, గోడ మీద బొమ్మ తెప్పించేవాళ్ళం. డిజిటల్ వచ్చాక క్యాబిన్‌లో ఆయనకు పని లేకుండా పోయింది.

పద్యం నిర్దోషం. ఒక్క చర్చ. ఒక ఇంటి గదిలో చీకటి చేస్తే "పట్టణమున" అనేది పెద్ద మాట కాదా?

స్టోన్‌హౌస్‌పేట సభ్యుడు: వేసవి సెలవుల్లో మా వీధిలో ఏడెనిమిది ఇళ్ళలో కిటికీలు మూసేవాళ్ళు అన్నా. నాన్న తెచ్చిన ముక్కలు పేటంతా తిరిగేవి.

అయితే ఒప్పుకున్నాను. "పిల్లలందరు" అన్న మాటలో ఆ సంగతి ఉంది, నేనే గమనించలేదు.

సంతపేటలో పుట్టి చెన్నైలో ఉంటున్న సోదరి:

పేరు మిగిలె నేడు బేరమాడే చోట
బొమ్మ పడిన గోడ బోసిపోయె
కన్ను మూయగానె కనబడు నా హాలు
పగలె రాత్రి యయ్యె పట్టణమున

ఈ వారం నాకు బాగా నచ్చిన పూరణ ఇదే. "బొమ్మ పడింది" అంటే ఆట మొదలైందని మనవాళ్ళ మాట. ఆ మాటను గోడకు తగిలించి, పక్కనే "బోసిపోయె" అన్నారు. మూడో పాదంలో "కనబడును + ఆ హాలు" అని విడదీసినా, "నా హాలు" అని చదివినా అర్థం నిలుస్తుంది. షాపు ముందు ఎండలో నిలబడి కళ్ళు మూసుకుంటే చాలు, పగలు రాత్రవుతుంది. తప్పులు వెతికాను, దొరకలేదు.

కావలి అక్క: ఏ హాలు చెల్లీ అది?

సంతపేట సోదరి: పేరు కావాలనే పెట్టలేదక్కా. చదివినవాళ్ళు వాళ్ళ హాలు చూసుకుంటారని. మా హాల్లో బాల్కనీ మెట్ల కింద ఒక ముసలమ్మ కూర్చుని ఉప్పు శెనక్కాయలు అమ్మేది. డబ్బులు చాలకపోయినా పొట్లం కట్టి ఇచ్చేది, మళ్ళీ ఆటకు తెచ్చివ్వమనేది. ఆమెకు నేను ఒక పొట్లం బాకీ ఉన్నాను. ఆమె మనుషులు ఎవరైనా ఎక్కడున్నారో తెలిస్తే నాకు చెప్పండి.