మన సరిహద్దు బడుల్లో పాఠాన్ని మార్చిన పుస్తకం, సినిమా: మీ అనుభవం చెప్పండి

గుణుపురం లైన్

అందరికీ నమస్కారం. ఒడిశా రాయగడ జిల్లాలో ఒక ప్రాథమిక పాఠశాలలో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. టీచర్లు చదవాల్సిన పుస్తకాలు, చూడాల్సిన సినిమాలు అంటూ ఫోనుకు జాబితాలు వస్తూనే ఉంటాయి. నేను అడిగేది అది కాదు. చదివాక, చూశాక, మీ తరగతిలో ఏం మారింది? మన పిల్లలు ఇంట్లో తెలుగో, గిరిజన భాషలైన సవరో కువియో మాట్లాడతారు, బడికి వస్తే ఒడియా. మహారాష్ట్ర వైపు వాళ్లకు మరాఠీ. ఈ ఇబ్బంది తెలిసినవాళ్ల అనుభవమే మనకు పనికొస్తుంది.

ముందు నాది చెబుతాను. రైలుబడి. జపాన్ రచయిత్రి తెత్సుకో కురొయనాగి 1981లో రాసిన తొత్తోచాన్ కథే తెలుగులో రైలుబడిగా వచ్చింది. పాత రైలు పెట్టెల్లో తరగతులు నడిచిన తొమోయే బడి ఆమె చదివిన నిజమైన బడి. మా ఊరి పక్కనే నౌపడా–గుణుపురం బండి వెళ్తుంది కాబట్టి రైలు పెట్టెలో బడి అనగానే పిల్లలకు ప్రాణం లేచొచ్చింది. నన్ను మాత్రం కదిలించింది మొదటి రోజు సంగతి. వేరే బడి నుంచి పంపేసిన ఆ పాపను హెడ్మాస్టర్ కొబయాషి ఎదురుగా కూర్చోబెట్టుకుని, నీకేం చెప్పాలనిపిస్తే అది చెప్పమంటాడు. ఆ పాప దాదాపు నాలుగు గంటలు చెబుతుంది, ఆయన వింటాడు.

నాకు రెండు తరగతులు కలిపి ముప్పై నాలుగు మంది. నాలుగు గంటలు ఎక్కడ తేగలను? మధ్యాహ్న భోజనం అయ్యాక రోజుకు ఒక్కరితో పది నిమిషాలు కూర్చోవడం మొదలుపెట్టాను. నోటుపుస్తకం, పెన్ను ఏమీ ఉండవు. అంతవరకు రోజూ ఆలస్యంగా వస్తున్నాడని నేను గుమ్మం దగ్గర నిలబెట్టిన పిల్లాడు, పొద్దున్నే మేకల్ని కొండెక్కించి వస్తున్నాడని ఆరో రోజున తెలిసింది. రెండేళ్లు మా బళ్లో చదివాడు, ఆ సంగతి నాకు తెలియదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ప్రాణహిత ఒడ్డు

మాస్టారూ, మాది గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకా. మీరు రాసింది చదివి కళ్లు తడిశాయి. ఒక్క ప్రశ్న. ఆ పది నిమిషాలు పిల్లాడు ఏ భాషలో మాట్లాడాడు? మా దగ్గర పిల్లలు బాయి (టీచరమ్మ) ముందు మరాఠీలోనే మాట్లాడాలనుకుని అసలు నోరే విప్పరు.

నాకు దారి చూపింది శ్యామ్‌చీ ఆయి. సానే గురూజీ స్వయంగా ఉపాధ్యాయుడు, 1933లో నాసిక్ జైల్లో ఉండగా తన తల్లి గురించి రాసిన పుస్తకం అది. 1953లో ఆచార్య అత్రే సినిమాగా తీశారు, జాతీయ అవార్డులు మొదలైన ఏడాదే రాష్ట్రపతి స్వర్ణ పతకం దానికే వచ్చింది. ఆరో తరగతికి అందులోని ఒక అధ్యాయం చదివి, మీ అమ్మ గురించి రాయండి అన్నాను. సగం మంది రెండు వాక్యాల దగ్గర ఆగిపోయారు. అమ్మ మాట్లాడేది తెలుగు, రాయాల్సింది మరాఠీ. అమ్మ తిట్టే తిట్టుకు, పెట్టే ముద్దుకు వాళ్ల దగ్గర మరాఠీ మాట లేదు. సరే, అమ్మ అన్న మాటల్ని అన్నట్టే రాయండి, లిపి మాత్రం మీకు వచ్చినదే వాడండి అన్నాను. దేవనాగరి అక్షరాల్లో తెలుగు రాశారు! ఒక అమ్మాయి నాలుగు పేజీలు రాసింది. తర్వాత నెలంతా ఆ నాలుగు పేజీల్నే ఇద్దరం కూర్చుని మరాఠీలోకి మార్చాం. ఆ పిల్ల మరాఠీ వ్యాసం అంతకుముందు ఎప్పుడూ అంత బాగా రాలేదు.

గుణుపురం లైన్

మేడమ్, మంచి ప్రశ్న. మేకల పిల్లాడు సవరలో మొదలుపెట్టి తెలుగులోకి వచ్చాడు. నాకు సవర అంతంత మాత్రం. అర్థం కాని చోట పక్కన ఉన్న వాళ్ల అక్క చెప్పింది.

మహేంద్రగిరి

గజపతి జిల్లా నుంచి. సవర మాట వచ్చింది కాబట్టి చెప్పకుండా ఉండలేను. నన్ను మార్చినది గిడుగు రామమూర్తి గారి జీవితం. ఆగస్టు 29న అందరూ వ్యావహారిక భాష గురించి మాట్లాడి ఊరుకుంటారు. మా పర్లాకిమిడిలో ఆయన 1880లో బడిపంతులుగా చేరిన మనిషి. ఎవరూ చెప్పకుండానే సవరలు మాట్లాడే భాష నేర్చుకున్నారు, ఆ భాషలో వాచకాలు రాశారు, సొంత ఖర్చుతో సవర పిల్లలకు బడులు పెట్టారు. కొండల్లో తిరిగి జ్వరం తెచ్చుకుని, దానికి వాడిన క్వినైన్ వల్ల చెవులు పోయాయి. ఒక భాషను చెవులతో పట్టుకున్న మనిషికి చెవులే పోయాయి. అయినా పని ఆపలేదు, సవర భాష మీద ఆయన ఇంగ్లీషులో రాసిన పుస్తకం 1931లో అచ్చయింది. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో కలిశాక ఊరు విడిచి రాజమండ్రి వెళ్లిపోయారు.

ఇది చదివాక నాకు సిగ్గేసింది. ఆయన నడిచిన దారుల్లోనే బండి మీద బడికి వెళ్తూ ఏడేళ్లలో పది సవర మాటలు నేర్చుకోలేదు. అప్పుడు ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఆకలి, నొప్పి, భయం, దాహం, ఇల్లు, ఇలాంటి మాటలు ముందు. అవి తెలియకపోతే పిల్ల ఏడుస్తుంటే ఎందుకో కూడా మనకు తెలియదు. ఒడిశాలో గిరిజన భాషల్లో బహుభాషా విద్య వచ్చి చాలా ఏళ్లయింది, సవర పుస్తకాలూ ఉన్నాయి. కానీ పుస్తకం బల్ల మీద ఉండి, టీచరు నోట్లో ఆ మాట లేకపోతే పిల్లకు ఒరిగేదేమీ లేదు.

రైలుబడి నుంచి నేను తీసుకున్నది వేరే ముక్క. ఆ బళ్లో పిల్లల డబ్బాలో సముద్రానిది కొంచెం, కొండది కొంచెం ఉండాలంటాడు హెడ్మాస్టర్. మాకు అటు గోపాలపురం సముద్రం, ఇటు మహేంద్రగిరి, అంతకన్నా ఏం కావాలి? భోజనం దగ్గర రోజూ అడుగుతాను, ఇందులో కొండది ఏది, సముద్రానిది ఏది అని. ఉప్పు సముద్రానిది. సంతలో కొన్న ఎండు నెత్తళ్లూ సముద్రానివే. చింతపండు, కందులు, పనస, అల్లం, పసుపు కొండవి. ఇక్కడే నేను ఊహించనిది జరిగింది. కొండ మీద నుంచి వచ్చే పిల్లలు తరగతిలో వెనక కూర్చునేవాళ్లు. ఏ దుంప ఎప్పుడు తవ్వాలి, ఏది నానబెట్టకుండా తింటే గొంతు దురద పెడుతుంది, అంతా వాళ్లకే తెలుసు. ఊళ్లో పిల్లలు వాళ్లని అడగడం మొదలుపెట్టారు. వెనక బెంచీ దానంతట అదే ముందుకు జరిగింది.

బరంపురం పాత బస్టాండు

నేను రిటైరయ్యాను, అయినా రాయాలనిపించింది. చింగీజ్ ఐత్మాతోవ్ రాసిన తొలి ఉపాధ్యాయుడు. తెలుగు చేసింది ఉప్పల లక్ష్మణరావు గారు, మా బరంపురంలో పుట్టి మాస్కోలో అనువాదకుడిగా పనిచేసిన మనిషి. అందుకే ఆ తెలుగులో మన గంజాం గాలి ఉందని నాకు అనిపిస్తుంది.

కిర్గిజ్ కొండల్లో ఒక పల్లె. దుయిషేన్ అనే కుర్రాడికి చదువు అరకొరగానే వచ్చు. పాత గుర్రపుశాలను శుభ్రం చేసి బడి పెడతాడు. ఊరివాళ్లు నవ్వుతారు. చలికాలం వాగులో పిల్లల్ని వీపు మీద ఎక్కించుకుని దాటిస్తాడు. ఆ బళ్లో చదివిన అల్తినాయ్ అనే అనాథ పిల్ల పెద్దయ్యాక పేరున్న విద్యావంతురాలు అవుతుంది. శిక్షా సహాయక్‌గా, అంటే కాంట్రాక్టు టీచరుగా, చేరిన కుర్రాళ్లకు నేను ఈ పుస్తకమే ఇచ్చేవాణ్ని. జీతం తక్కువ, ఊళ్లో గౌరవం తక్కువ, తమకే పూర్తిగా రాదేమోనన్న భయం ఎక్కువ. దుయిషేన్‌కు కూడా అన్నీ రావు. తనకు వచ్చినంత మటుకు దాచుకోకుండా ఇచ్చాడు.

గెడ్డ అవతల

మాస్టారూ, పుస్తకం నాకూ ఇష్టమే. ఒక మాట మాత్రం చెప్పాలి, తప్పుగా అనుకోకండి. వానాకాలంలో మా ఊరి గెడ్డలో నేనూ పిల్లల్ని ఎత్తుకుని దాటించాను. ఎవరో ఫొటో తీశారు, అందరూ మెచ్చుకున్నారు. ఆ మెప్పు వల్ల కల్వర్టు రాలేదు. టీచరు వీపు ఉంది కదా అని అందరూ ఊరుకున్నారు. మూడో ఏడు ఒక పిల్ల నా చేయి జారింది. నాలుగడుగుల దూరంలో పట్టుకున్నాం, బతికింది. ఆ తర్వాత నేను ఎత్తుకోవడం మానేసి, వాన పడిన రోజు బడి గెడ్డకు ఇవతల కాదు అవతల, ఊళ్లోనే రచ్చబండ మీద పెట్టాను. తల్లిదండ్రులతో కలిసి అర్జీలు రాయించాను. పిల్లలే ఒడియాలో రాశారు. ఆ కథ చదివి కన్నీళ్లు పెట్టుకునే ముందు, గెడ్డ మీద వంతెన ఎందుకు లేదో కూడా పిల్లలతో మాట్లాడాలి.

బరంపురం పాత బస్టాండు

బాబూ, నువ్వు చెప్పింది నిజం. ఇన్నేళ్లలో ఆ కథను నేను ఇలా చదవలేదు.

ధర్మాబాద్ లెక్కలు

నాందేడ్ జిల్లా, బాసరకు దగ్గర. నేను లెక్కల మనిషిని. 2024లో వచ్చిన 35 చిన్న కథ కాదు సినిమా మా స్టాఫ్ అందరికీ చూపించాను. సున్నాకు విలువ లేదంటున్నారు కదా, అది ఒకటి పక్కకు రాగానే పది ఎలా అయింది, తొమ్మిది కన్నా పెద్దది ఎలా అయింది అని అడిగే పిల్లాడు. ఆ ప్రశ్న నన్ను పిల్లలు చాలాసార్లు అడిగారు, అలాగే రాసుకోరా అని తోసేశాను.

సినిమా చూశాక మా పిల్లల తప్పుల్ని కూర్చుని లెక్కపెట్టాను. ఇరవై ఒకటి రాయమంటే 12 రాసేవాళ్లు ఎక్కువ. ఎందుకో అప్పుడు వెలిగింది. తెలుగులో ఇరవై ముందు, ఒకటి తర్వాత, అంకెలు రాసే వరుసే. మరాఠీలో ఏక్‌వీస్, అంటే ఒకటి ముందు. పిల్లాడు విన్న వరుసలో రాస్తున్నాడు. ఇరవై తొమ్మిదికి ఏకోణ్‌తీస్, ముప్పైకి ఒకటి తక్కువ అని. తొమ్మిది అన్న మాటే అందులో వినపడదు. ఇది మా తెలుగు పిల్లల బాధ మాత్రమే కాదు. 2019లో మహారాష్ట్ర రెండో తరగతి లెక్కల పుస్తకంలో వీస్ ఏక్ అని చదివే పద్ధతి పెడితే పెద్ద గొడవే జరిగింది. నాకైతే మన పిల్లలకు అది వరంలా కనిపించింది.

ఇప్పుడు చీపురు పుల్లలు పదేసి రబ్బరు బ్యాండుతో కట్టిస్తాను. రెండు కట్టలు, ఒక పుల్ల. ముందు తెలుగులో చెప్పించి, అంకె రాయించి, చివర మరాఠీ పేరు. సున్నా అంటే విడి పుల్లలు ఏమీ మిగల్లేదని. తల్లులు ఇంట్లో తెలుగులో లెక్క చెప్పడం తప్పేమో అని భయపడేవాళ్లు, చెప్పండమ్మా అని నేనే అడిగి చెప్పిస్తున్నాను.

గుణుపురం లైన్

సార్, ఒడియాలోనూ అంతే! ఏకోఇశ అంటే ఇరవై ఒకటి, అణతిరిశ అంటే ఇరవై తొమ్మిది. పదకొండేళ్లుగా ఇది బద్ధకం వల్ల వచ్చే తప్పు అనుకున్నాను. రేపే కట్టలు కట్టిస్తాను.

కొత్త టీచర్

చేరి పన్నెండు రోజులైంది, కొరాపుట్ జిల్లా. మీవన్నీ చదివి ఉత్సాహంగా మొన్న పిల్లల్ని వినాలని గుండ్రంగా కూర్చోబెట్టాను. ఒకరి మీద ఒకరు పడి కొట్టుకున్నారు. పక్క తరగతి వాళ్లు వచ్చి చూశారు. చాలా టెన్షన్‌గా ఉంది. నాకు ఈ ఉద్యోగం పడదేమో.

మహేంద్రగిరి

అమ్మా, పగటికల చదవండి. గుజరాత్‌లో గిజుభాయి బధేకా రాసింది. అందులో లక్ష్మీరాం మాస్టారు మొదటి రోజే మౌనం ఆట ఆడిద్దామని కిటికీలు మూయిస్తాడు. పిల్లలు గోల గోల చేస్తారు. ఆయన అనుకున్న పథకం అంతా ఆ పూటే పోతుంది. తర్వాత ఏం చేశాడో తెలుసా? కథ చెప్పాడు. ఊరికే కథే, నీతి గీతి అడగకుండా. పిల్లలు కుదురుకున్నాకే మిగతా చదువు. ఆ వయసు పిల్లలు కుదురుగా కూర్చోకపోవడం మీ తప్పు కాదు. మీకు మీ అమ్మమ్మ చెప్పిన కథ ఏదైనా గుర్తుందా?

కొత్త టీచర్

ఏడుగురు అన్నదమ్ముల చేపల కథ గుర్తుంది. చీమ దగ్గరికి వచ్చేదాకా ప్రశ్నలు అడుగుతూ పోయేది. రేపు చెబుతాను.

కొత్త టీచర్

చెప్పాను. ఎండని చేప దగ్గర కొంచెం గోల చేశారు, గడ్డిమోపు దగ్గరికి వచ్చేసరికి తగ్గారు. ఆవు దగ్గర కావాలనే ఆపేసి గంట కొట్టించాను. ఇంటికి వెళ్లేటప్పుడు ఇద్దరు నా వెనకే గేటు దాకా వచ్చారు, ఆవు ఎందుకు మేయలేదో ఇప్పుడే చెప్పమని. ఒకడు వాళ్లింటి భాష దేశియాలో అడిగాడు. మాట అర్థం కాలేదు కానీ అడిగింది అర్థమైంది. మహేంద్రగిరి సార్, ఆ మాటల పద్ధతి నేనూ పెట్టుకుంటున్నాను. "తర్వాత" అన్న మాటతో మొదలుపెడతాను.