ఈమధ్య చదివిన మంచి ఫాంటసీ ఏదైనా చెప్పండి

ప్రశ్న: వైజాగ్‌లో ఈ వానలకి బీచ్ రోడ్డుకి కూడా వెళ్లడం లేదు, ఇంట్లో చదువే. మాయాలోకం ఉండాలి, యుద్ధాలు లేకపోయినా పర్లేదు.

జవాబు: సుసానా క్లార్క్ ‘పిరనేసి’ (2020) చదవండి. అంతులేని గదులు, విగ్రహాలు, కింది అంతస్తుల్లోకి పోటెత్తే సముద్రం, ఆ ఇల్లే లోకమనుకుని డైరీలు రాసుకునే మనిషి. అతని మంచితనం చూస్తుంటే నాకు పుస్తకం ముగించబుద్ధి కాలేదు. మొదట్లో అయోమయంగా ఉంటుంది, ఆపకండి.

జవాబు: లెగ్విన్ ‘ఎ విజార్డ్ ఆఫ్ ఎర్త్‌సీ’. చిన్న పుస్తకం, అన్నీ దీవులే. అసలు పేరు తెలిస్తేనే దేని మీదైనా మంత్రం పారుతుంది.

జవాబు: తెలుగులో అయితే దాసరి సుబ్రహ్మణ్యం గారి ‘తోకచుక్క’! 1954లో చందమామలో మొదలైన సీరియల్. చిత్రా గారి బొమ్మలతోనే చదవాలి.

అడిగినవారు: థాంక్సండీ, ముందు ‘పిరనేసి’ మొదలుపెడతాను.