హెపటైటిస్ సి మూడు నెలల్లో పోయింది, బి కి మాత్రం మాత్రలు ఆపొద్దంటున్నారు, ఎందుకండి?

పాలకొల్లు_కుర్రోడు:
అందరికీ నమస్కారం అండి. మా మావయ్యకి ఆమధ్య హెపటైటిస్ సి అని తేలితే మూడు నెలలు సోఫోస్‌బువిర్, డక్లాటస్‌విర్ వాడారు, తర్వాత టెస్టులో వైరస్ లేదన్నారు, అంతటితో అయిపోయింది. మా బాబాయిది బి. రోజూ టెనోఫోవిర్ వేసుకుంటున్నారు, వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంతుందో చూసే లెక్క) కనపడట్లేదని రిపోర్టు కూడా వచ్చింది, అయినా ఆపొద్దంటున్నారు డాక్టరు గారు. కనపడట్లేదంటే పోయినట్టే కదరా అని బాబాయి నన్ను పట్టుకుని అడుగుతున్నారు, నేను డిగ్రీలో జువాలజీ చదివానని. పైగా ఊళ్లో ఒకాయన మాత్రలు మానేసి పసరు తాగమంటున్నాడు. కణం లోపల ఈ వైరస్‌ల ప్రోటీన్లు ఏం చేస్తాయో కాస్త వివరంగా చెప్తే ఆయన్ని కూర్చోబెట్టి చెప్తాను.

మైక్రో_కాకినాడ:
ముందు మాత్ర ఆపొద్దని చెప్పండి, మిగతాదంతా తర్వాత. మధ్యలో ఆపేస్తే వైరస్ ఒక్కసారిగా లేచి లివర్ బాగా దెబ్బతినొచ్చు.

సి సంగతి ముందు చెప్తాను, అది తేలిక. దానిది ఆర్ఎన్ఏ, సుమారు 9,600 అక్షరాలు. కణంలోకి రాగానే మన రైబోజోములే దాన్ని చదివి దాదాపు 3,000 అమైనో ఆమ్లాల పొడవున్న ఒకే ఒక్క ప్రోటీన్ చేసిపెడతాయి. రావులపాలెం మార్కెట్లో అరటి గెలని హస్తాలుగా కోసినట్టు దాన్ని పది ముక్కలు చేస్తేగానీ వైరస్ పని మొదలవదు. కొన్ని కోతలు మన ఎంజైములే వేస్తాయి, మిగతావి వైరస్‌వి, ముఖ్యంగా ఎన్ఎస్3, దానికి తోడు ఎన్ఎస్4ఏ. ఈ జంట ఇంకో పని కూడా చేస్తుందండి, లోపలికి వైరస్ వచ్చిందని కబురు పంపే మావ్స్ అనే మన ప్రోటీన్‌ని కూడా తెగ్గొడుతుంది, దాంతో వైరస్‌ని అడ్డుకోవడానికి మన కణం చేసుకునే ఇంటర్‌ఫెరాన్ తయారీ మందగిస్తుంది. ఎన్ఎస్4బి, ఎన్ఎస్5ఏ అనే ముక్కలు కణం లోపలి పొరల్ని వంచి చిన్నచిన్న సంచుల్లా చేస్తాయి, ఆ చాటున ఎన్ఎస్5బి కూర్చుని ఆర్ఎన్ఏ కాపీలు తీస్తుంది. మీ మావయ్య వేసుకున్న సోఫోస్‌బువిర్ ఎన్ఎస్5బి మీద పనిచేస్తుంది, డక్లాటస్‌విర్ ఎన్ఎస్5ఏ మీద. కాపీలు ఆగిపోతే ఉన్న ఆర్ఎన్ఏ అరిగిపోవడమే, న్యూక్లియస్‌లో దాచుకునే ఏర్పాటు సి కి లేదు. అందుకే నూటికి తొంభై అయిదు మందికి పైగా నయమవుతుంది.

బి అలా కాదు. దాని డీఎన్ఏ 3,200 అక్షరాలే, జన్యువులు నాలుగే, ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి. పైత్య లవణాలు లివర్ కణంలోకి వెళ్లే ఎన్‌టిసిపి అనే ద్వారం పట్టుకునే ఇదీ వస్తుంది, ఆ సంగతి తెలిసింది 2012లో. నేరుగా న్యూక్లియస్‌లోకి పోతుంది, అక్కడ అసంపూర్తిగా ఉన్న దాని డీఎన్ఏని మన ఎంజైములే బాగుచేసి మూసుకున్న వలయంలా చేస్తాయి, దీన్నే సిసిసి డీఎన్ఏ అంటారు. అసలు పీడంతా ఇదే. దాని నుంచి ఆర్ఎన్ఏ వస్తుంది, కోర్ ప్రోటీన్ దాని చుట్టూ గుల్ల కడుతుంది, ఆ గుల్ల లోపల పాలిమరేజ్ అనే వైరస్ ఎంజైము ఆర్ఎన్ఏని వెనక్కి డీఎన్ఏగా రాస్తుంది. టెనోఫోవిర్ ఆపేది ఈ రాతనే! వలయం జోలికి అది పోదు. మందు లేనప్పుడు కొన్ని గుల్లలు మళ్లీ న్యూక్లియస్‌కే తిరిగెళ్లి కొత్త వలయాలు కూడా పెడతాయి.

బి వైరస్‌దే ఎక్స్ అనే ప్రోటీన్ గురించి చెప్పకుండా ఉండలేను. 154 అమైనో ఆమ్లాలే. మన కణంలో ఎస్ఎంసి5/6 అనే ప్రోటీన్ల గుంపు ఆ వలయం నోరు నొక్కేస్తుంది, ఎక్స్ ఏం చేస్తుందంటే, పనికిరాని ప్రోటీన్లని పారేసే మన కణం వ్యవస్థనే వాడుకుని ఆ గుంపుని నాశనం చేయిస్తుంది. 2016లో బయటపడింది ఇది. అందుకే ఎక్స్‌ని అడ్డుకునే మందు కోసం అంత వెతుకుతున్నారు, అది దొరికితే ఎంతమంది బతుకులు మారతాయో అనిపిస్తుంది నాకు.

ల్యాబ్_భీమవరం:
పై ఆయన చెప్పింది మీ బాబాయి గారి రిపోర్టులోనే కనిపిస్తుందండి. వైరల్ లోడ్ లేదని వచ్చినా హెచ్‌బిఎస్ఏజి (రక్తంలో బి వైరస్ పైతొడుగు ప్రోటీన్ ఉందా అని చూసే టెస్టు) పాజిటివ్ అనే ఉంటుంది చూడండి. కొత్త వైరస్ తయారవట్లేదు, కానీ ఆ వలయం నుంచి పైతొడుగు ప్రోటీన్ వస్తూనే ఉంది, పైగా బి డీఎన్ఏ ముక్కలు మన క్రోమోజోముల్లో అతుక్కుని ఉంటే అక్కడి నుంచీ వస్తుంది. మా దగ్గరికొచ్చే చాలామంది ఇది చూసి మందు పనిచేయట్లేదేమో అని బెంగపడిపోతారు, పనిచేస్తోందండి.

పసరు సంగతి కూడా చెప్పాలి. మన వైపు కామెర్లు చాలావరకు ఏ, ఈ రకాలు, కలుషితమైన నీళ్ల వల్ల వచ్చేవి, అవి చాలామందికి వాటంతటవే తగ్గిపోతాయి. తగ్గే సమయానికి పసరు తాగి ఉంటారు కాబట్టి పేరు దానికొస్తుంది. న్యూక్లియస్‌లో ఉన్న వలయాన్ని ఏ ఆకు రసమూ తీసెయ్యలేదు. ఆర్నెల్లకోసారి స్కానింగ్ కూడా చేయించమంటారు, మానొద్దని చెప్పండి.

పాలకొల్లు_కుర్రోడు:
చాలా చాలా థాంక్స్ అండి, రాత్రి ఇదంతా చదివి వినిపించాను, ఆపనులే అన్నారు బాబాయి. ఇంకొక్కటి, వాళ్లమ్మాయికి ఇప్పుడు ఏడో నెల, పుట్టింటికొచ్చి ఉంది. భయం ఏమైనా ఉందా?

మైక్రో_కాకినాడ:
ఒకే ఇంట్లో కూర్చుని భోంచేస్తే రాదండి, రక్తం ద్వారా వస్తుంది, బ్లేడు, టూత్ బ్రష్ విడిగా పెట్టమనండి. ఆ అమ్మాయికి మాత్రం వెంటనే హెచ్‌బిఎస్ఏజి చేయించండి, ఇంట్లో మిగతావాళ్లకీ. నెగటివ్ వస్తే టీకా తనకీ ఇవ్వొచ్చు, కడుపుతో ఉన్నా పర్లేదు. పాజిటివ్ వస్తే కంగారొద్దు, వైరల్ లోడ్ చూసి అవసరమైతే ఆఖరి నెలల్లో టెనోఫోవిర్ ఇస్తారు, బిడ్డకి పుట్టిన వెంటనే టీకాతో పాటు ఇమ్యునోగ్లోబులిన్ (బి వైరస్‌ని అడ్డుకునే రెడీమేడ్ యాంటీబాడీల ఇంజెక్షన్) కూడా వేస్తారు. కాన్పు ఎక్కడో ఆ ఆసుపత్రిలో ఇప్పుడే చెప్పి అది తెప్పించి పెట్టమనండి. రిజల్ట్ ఏదైనా సరే బిడ్డకి మొదటి టీకా 24 గంటల్లోపు పడాలి.