ఇల్లు ఇప్పుడే కొడుకు పేరున గిఫ్ట్ చేయాలా, వీలునామా చాలా?

మల్కాజిగిరి మాస్టారు:
నమస్కారం. నేను రిటైర్డ్ టీచర్‌ని, వయసు 67. మల్కాజిగిరిలో 240 గజాల్లో సొంత సంపాదనతో కట్టుకున్న ఇల్లుంది. అబ్బాయి కొండాపూర్‌లో, అమ్మాయి వైజాగ్‌లో ఉంటారు. పాత ఇల్లు కూలగొట్టి బిల్డర్‌కి డెవలప్‌మెంట్‌కి ఇద్దామని, ముందు ఇల్లు తన పేరున గిఫ్ట్ రిజిస్ట్రేషన్ చేయమని అబ్బాయి అడుగుతున్నాడు. చెల్లికి డబ్బు తర్వాత సర్దుతానంటున్నాడు. మా ఆవిడకి ఇష్టం లేదు. వీలునామా రాస్తే సరిపోదా?

తార్నాక వాసి:
గిఫ్టే మంచిది సార్. మా నాన్నగారు ఇంట్లో కూర్చుని వీలునామా రాశారు. సాక్షులు ఇద్దరూ ఆయన ఈడు స్నేహితులే. ఆయన పోయాక మా పెద్దన్నయ్య ఆ సంతకం నాన్నది కాదన్నాడు. అప్పటికి సాక్షులూ లేరు. అన్నదమ్ములం కోర్టు మెట్లెక్కాం. ఇప్పటికీ పండక్కి ఒకరింటికి ఒకరం వెళ్లం. బతికుండగానే రిజిస్ట్రేషన్ చేసేస్తే ఈసీలో, అంటే ఆస్తి లావాదేవీలు చూపే సర్టిఫికెట్‌లో, పేరు పడుతుంది, గొడవకి తావుండదు. కన్నకొడుకునే నమ్మకపోతే ఇంకెవర్ని నమ్ముతాం?

రిటైర్డ్ బ్యాంక్ ఉద్యోగి, ఏఎస్ రావు నగర్:
తార్నాక గారూ, మీ ఇంట్లో జరిగింది చదివి మనసు కలుక్కుమంది. కానీ దానికి మందు గిఫ్ట్ అంటే నేను ఒప్పుకోను. వీలునామాకి చట్టం అడిగేది ఇద్దరు సాక్షులు. స్టాంపు పేపరు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ కూడా తప్పనిసరి కాదు. అయినా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్లి చేయించుకుంటే ఫొటో, వేలిముద్రలు రికార్డులో ఉంటాయి. సాక్షులుగా మనకంటే చిన్నవాళ్లని, ఆస్తిలో వాటా లేనివాళ్లని పెట్టుకోవాలి. అప్పుడు సంతకం ఆయనది కాదని వాదించడం అంత తేలిక కాదు. మనసు మారితే ఇంకోటి రాసుకోవచ్చు. గిఫ్ట్ ఒకసారి రిజిస్టరైతే మనంతట మనం వెనక్కి తీసుకోలేం.

2007 నాటి సీనియర్ సిటిజన్ల చట్టం ఉందిగా అని కొందరు ధైర్యం చెప్తారు. అందులో 23వ సెక్షన్ ఉన్న మాట నిజమే. చూసుకోవాలన్న షరతు మీద ఆస్తి రాసిచ్చాక వాళ్లు చూసుకోకపోతే, ఆర్డీఓ దగ్గరుండే ట్రిబ్యునల్ ఆ దస్తావేజు చెల్లదని చెప్పొచ్చు. అంతా ఆ షరతులోనే ఉంది మాస్టారూ. 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు తేల్చిన కేసులో ఒక తల్లి రాసిచ్చిన దస్తావేజులో ఆ షరతు లేదు, ఆమెకి ఆస్తి తిరిగి రాలేదు. 2025 జనవరిలో మధ్యప్రదేశ్‌కి చెందిన ఇంకో తల్లి గెలిచింది. గిఫ్ట్ డీడ్‌తో పాటు, చివరిదాకా చూసుకుంటానన్న కొడుకు మాట కాగితం మీద ఉందని కోర్టు లెక్కలోకి తీసుకుంది. ఈ వయసులో ఆర్డీఓ ఆఫీసు నుంచి సుప్రీంకోర్టు దాకా తిరిగే ఓపిక మనకెక్కడిది?

అసలు డెవలప్‌మెంట్‌కి గిఫ్ట్ ఎందుకు? ఇల్లు మీ పేరున ఉంది కాబట్టి బిల్డర్‌తో అగ్రిమెంట్ మీరే రిజిస్టర్ చేసుకోవచ్చు. మీ వాటా ఫ్లాట్లు మీకే వస్తాయి. ఒక్క ఇల్లు ఇద్దరికి పంచడం కష్టం. ఫ్లాట్లయితే ఫలానా నంబరు అబ్బాయికి, ఫలానాది అమ్మాయికి అని వీలునామాలో రాసేయొచ్చు. అందాకా ఒకదాంట్లో మీరుంటారు, రెండోదాని అద్దె మీ చేతికొస్తుంది. ఒక్క జాగ్రత్త. 240 గజాలంటే దాదాపు 200 చదరపు మీటర్లు. 500 దాటని స్థలంలో కట్టే ప్రాజెక్టుకి రెరా, అంటే బిల్డర్ల మీద నిఘా ఉంచే ప్రభుత్వ సంస్థ, దగ్గర రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. కాబట్టి కట్టినన్నాళ్లూ మీ ఇంటద్దె బిల్డరే ఇవ్వాలని, గడువు దాటితే నెలకింత అని అగ్రిమెంట్లోనే రాయించుకోండి. ఏ ఫ్లోరు, ఎన్ని చదరపు అడుగులు, పార్కింగ్ ఎన్ని, అన్నీ అందులో ఉండాలి.

చేతిలో రిటైర్మెంట్ డబ్బుంటే కదిలించకండి. సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీమ్‌లో ఒక్కొక్కరు 30 లక్షల దాకా వేసుకోవచ్చు. 2025లో ఉన్న 8.2 శాతం లెక్కన మూడు నెలలకి 61,500 వస్తుంది. ఇంటి ఖర్చుకి ఎవరినీ అడిగే పని ఉండదు. అన్నిటికీ నామినీని పెట్టాం కదా అని వీలునామా మానేయకండి. నామినీ చేతికి డబ్బు వచ్చినంత మాత్రాన అది అతనిదైపోదు. షేర్ల విషయంలో సుప్రీంకోర్టు 2023లో ఇదే చెప్పింది.

నల్లకుంట అమ్మాయి:
బాబాయ్ గారూ, ఒక కూతురిగా అడుగుతున్నాను. ఈ మాటలన్నీ వైజాగ్‌లో ఉన్న మీ అమ్మాయికి తెలుసా? 'తర్వాత సర్దుతాను' అన్నది ఏ కాగితం మీదా లేదు. సొంత సంపాదన కాబట్టి ఎవరికి రాయాలన్నది మీ ఇష్టం. ఏమీ రాయకపోతే మాత్రం మీ తర్వాత పిన్నిగారికి, ఇద్దరు పిల్లలకి సమానంగా వస్తుంది. ఏది చేసినా ఇద్దరినీ కూర్చోబెట్టి ముందే చెప్పండి. మా ఇంట్లో రిజిస్ట్రేషన్ అయిన ఏడాదికి మాకు తెలిసింది. మమ్మల్ని ఒక్క మాట కూడా అడగలేదన్న బాధ ఇంకా పోలేదు.

తార్నాక వాసి:
డెవలప్‌మెంట్ సంగతి బ్యాంక్ సార్ చెప్పింది బాగుంది, నాకు తట్టలేదు. కానీ వీలునామా మీద నాకు ఇంకా గురి కుదరడం లేదు. మధ్యేమార్గంగా సెటిల్‌మెంట్ డీడ్ (బతికుండగానే ఇంట్లోవాళ్లకి ఆస్తి రాసిచ్చే దస్తావేజు) రాసి, బతికున్నంత కాలం ఉండే హక్కు, అద్దె తీసుకునే హక్కు మాస్టారే ఉంచుకోవచ్చు కదా?

రిటైర్డ్ బ్యాంక్ ఉద్యోగి, ఏఎస్ రావు నగర్:
ఉంచుకోవచ్చు. అంత తప్పనిసరైతే అదే చేయండి. కానీ ఆ హక్కు మాస్టారొక్కరికే రాస్తే ఆయనతోనే పోతుంది. భార్య పేరు కూడా చేర్చి, ఆమె ఉన్నంత కాలం అని స్పష్టంగా రాయాలి. చూసుకోవాలన్న షరతూ ఆ డీడ్‌లోనే ఉండాలి. మాస్టారూ, రిజిస్ట్రేషన్‌కి స్లాట్ బుక్ చేసేముందు డ్రాఫ్టు అమ్మగారికి చదివి వినిపించండి. వద్దన్నది ఆవిడే కదా, ఎందుకో ఆ కారణం ముందు తెలుసుకోండి.