రెండు వేల లోపు అడవికి పనికొచ్చే కత్తి ఏది? కొండలెక్కేవాళ్ళు చెప్పండి

దుర్గం_దారి:
అందరికీ నమస్తే. మాది ఆత్మకూరు. నెలకోసారి నలుగురం కలిసి ఉదయగిరి దుర్గానికో, భైరవకోనకో పోతుంటాం. ఇన్నాళ్ళూ ఇంట్లో చాకునే గుడ్డలో చుట్టి పెట్టుకొని పోయేవాణ్ణి. పోయిన తూరి ఎండు తుమ్మ కొమ్మ చీలుస్తుంటే అలుగు పిడిలోంచి ఊడొచ్చి బొటనవేలి పక్కగా పోయింది. వెంట్రుకవాసిలో తప్పింది. మడత లేని గట్టి కత్తి కొనాలి, రెండు వేలు దాటకూడదు. పుల్లలు చీల్చాలి, నైలాన్ తాడు కోయాలి, ఉల్లిపాయలు తరగాలి. స్టెయిన్‌లెస్సా, కార్బన్ స్టీలా? పొడవెంత ఉండాల? బస్సులో తీసుకుపోవచ్చా?

పెంచలకోన_నడక:
మోరా కంపానియన్ తీసుకో తమ్ముడూ, వేరే ఆలోచనే వద్దు. స్వీడన్‌లో మోరా అనే ఊరి కత్తి. అలుగు పది సెంటీమీటర్ల పైచిలుకు, మందం రెండున్నర మిల్లీమీటర్లు. నాలుగేళ్ళుగా నా నడుముకి ఇదే. దీనికి ముందు ఆన్‌లైన్‌లో బొమ్మ చూసి ఒకటి కొన్నా. వీపు మీద రంపం పళ్ళు, పిడిలో దిక్సూచి, అగ్గిపుల్లలు దాచుకోడానికి పిడి మొత్తం బోలు. మొదటి రోజే ఎండు వెదురు కణుపు దగ్గర పిడి మొదట్లో పుటుక్కున విరిగింది. బోలు పిడి కత్తి ఎవరు ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు.

కొలిమి_మనవడు:
స్వీడన్ దాకా ఎందుకన్నా? మా తాత కలిగిరి దగ్గర కొలిమి పెట్టుకొని నలభై ఏళ్ళు చేశాడు. లారీ కమాను పట్టా (లీఫ్ స్ప్రింగు) ముక్క తీసుకెళ్ళి కొలిమిలో ఇస్తే రెండు వేలలో సగం కూడా కాదు. జీవితాంతం ఉంటుంది. మా ఇంట్లో ఆయన చేసిన మచ్చుకత్తితో ఇప్పటికీ కొబ్బరి మట్టలు కొడుతుండాం.

కావలి_షెడ్డు:
కమాను పట్టా అనంగానే మంచిదనుకుంటారు అందరూ. ఇరవై రెండేళ్ళుగా లారీల కింద పడుకొని కమాన్లు మారుస్తుండా, నేను చెప్తా వినండి. పాత పట్టాలో కంటికి కనపడని పగుళ్ళుంటాయి. లక్షలసార్లు వంగి లేచిన ఇనుము అది. చేస్తే వాడని కొత్త పట్టా ముక్కతో చేయించాలి. ఇంకోటి, మన కొలిముల్లో ఎర్రగా కాల్చి నేరుగా నీళ్ళలో ముంచుతారు. స్ప్రింగ్ స్టీలుని నీళ్ళలో ముంచితే పగులుద్ది. నూనెలో ముంచాలి.

కొలిమి_మనవడు:
మా తాత నీళ్ళలోనే ముంచాడు. ఒక్కటీ పగల్లేదు. షెడ్డులో నట్లు బిగించేవాళ్ళు కొలిమి గురించి చెప్పొద్దు.

కావలి_షెడ్డు:
మాటలు జాగ్రత్త అబ్బయ్యా. పగిలినవి నీకు చూపించి ఉండడు, పాత ఇనుములో పడేసి ఉంటాడు. కొనేవాడి చేయి తెగితే ఎవరిది పూచీ?

చెక్కచెంచా_ఉదయగిరి:
మీ ఇద్దరి గొడవలో ఆ అబ్బాయి అడిగింది పోయింది. మాది చెక్కపని ఇల్లు. నార్ది కొయ్యతో చెంచాలు చెక్కుతాం. మా పనిలో మందం కత్తి దండగ. అయిదు మిల్లీమీటర్ల అలుగు కొయ్యలోకి దిగదు, పక్కకి తోస్తుంది. పల్చటిది కోస్తుంది. మోరా గురించి ఒకటి నిజం. దాని అంచు రెండు పక్కలా ఒకే ఏటవాలుగా ఉంటుంది. ఆ ఏటవాలుని సానరాయి మీద ఆనించి తోస్తే చాలు, కోణం దానంతటదే కుదురుతుంది. కొత్తగా నూరేవాళ్ళు చెడగొట్టుకునేది కోణం దగ్గరే. మా అమ్మ ఆ కత్తిని ఒక్క పూటలో నూరడం నేర్చుకుంది.

గూడూరు_నిమ్మతోట:
కార్బన్ స్టీలు కొని నేను పడ్డ బాధ ఎవరూ పడొద్దు. తోటలో నిమ్మకాయ కోసి తుడవకుండా ఒరలో పెట్టా. సాయంత్రానికి అలుగంతా మచ్చలు. పులుపు తగిల్తే నల్లబడుతుంది. తరవాత తెలిసింది, ఆ నలుపు చెడ్డది కాదంట, తుప్పుని కొంత ఆపుతుందంట. ఎర్ర తుప్పు వేరు, ఈ నలుపు వేరు. ఇప్పుడు పని కాంగానే తుడిచి కొబ్బరినూనె రాస్తుండా.

కొత్తపట్నం_అల:
నలుపూ లేదు ఎరుపూ లేదు, మా దగ్గర కార్బన్ స్టీలు నాలుగు రోజులు ఉండదు. సముద్రం గాలికి సైకిల్ చువ్వలే రాలిపోతాయి. నేను వలలు కోసేది, చేపలు చీల్చేది స్టెయిన్‌లెస్‌తోనే. సముద్రం పక్కన ఉండేవాళ్ళు ఆలోచించక్కర్లా. కంపానియన్‌లో స్టెయిన్‌లెస్ రకం 12సి27 ఉక్కు, అదే తీసుకోండి.

కొలిమి_మనవడు:
కావలి అన్నకి. నిన్న రాత్రి నిద్ర పట్టలేదు. మా తాత లేడు, పోయి ఆరేళ్ళయింది. నాయనని అడిగా. తాత మొత్తం అలుగు ముంచేవాడు కాదంట. అంచు మాత్రం ఒక్క క్షణం నీళ్ళకి తాకించి తీసేవాడంట. వీపులో మిగిలిన వేడి అంచులోకి దిగి, ఎండుగడ్డి రంగు పాకుతుండగా చూసి అప్పుడు మొత్తం చల్లార్చేవాడంట. అందుకే పగల్లేదు. నాకు ఇది తెలీదు. తెలీకుండా అరిచా.

కావలి_షెడ్డు:
అదీ అసలు సంగతి. అంచు గట్టిపడి వీపు మెత్తగా ఉండేటట్టు చేశాడు. పెద్దాయన పనిమంతుడు. నేను అన్న మాట కూడా ఎక్కువైంది. చూసి నేర్చుకునే అవకాశం లేనివాళ్ళు మాత్రం నూనెలోనే చేయించండి. అయస్కాంతం అంటుకోని దాకా కాల్చి, ఇంకాస్త వేడెక్కనిచ్చి, గోరువెచ్చటి నూనెలో ముంచాలి. చల్లారాక ఆకురాయి పెట్టి గీస్తే కొరక్కుండా జారిపోవాలి. అప్పుడు 200 డిగ్రీల దగ్గర గంటసేపు, రెండు దఫాలు కాల్చాలి. ఈ 200 డిగ్రీల కాల్పు ఎగ్గొడితే గాజు లాగా విరుగుద్ది.

పెంచలకోన_నడక:
ఇదంతా చేయించుకునే ఓపిక ఎవరికుంది? కొనుక్కోండి, కొండెక్కండి.

కావలి_షెడ్డు:
మీ మోరా పిడిలో ఇనుము చివరిదాకా ఉండదు. సగంలో ఆగిపోతుంది. దాని వీపు మీద కట్టెతో బాదితే ఎన్నాళ్ళు ఆగుద్ది?

పెంచలకోన_నడక:
నాలుగేళ్ళు ఆగింది. మణికట్టంత లావు కట్టెలు చీల్చా. అంతకన్నా లావు చీల్చేవాడు గొడ్డలి తీసుకుపోవాల. చివరిదాకా ఇనుము కావాలంటే వాళ్ళదే గార్‌బర్గ్ ఉంది. అది ఈ అబ్బాయి బడ్జెట్ కాదు. ఒక లోటు ఒప్పుకుంటా. కంపానియన్ వీపు అంచులు నున్నగా ఉంటాయి, నిప్పు రాజేసే ఫెర్రో కడ్డీని దానితో గీస్తే రవ్వలు సరిగ్గా రాలవు. నేను ఆకురాయితో అంగుళం మేర అరగదీసి, ఆ నునుపు పోయి పలకగా తేలేటట్టు చేశా.

గిద్దలూరు_మలుపు:
ఇంత మంది రాశారు, అతను బస్సు గురించి అడిగింది ఎవరూ పట్టించుకోలేదు. బస్సు కన్నా ముందు అడవి సంగతి చూసుకోండి. 1959 ఆయుధాల చట్టం కింద ఉన్న రూల్స్‌లో 9 అంగుళాలు మించిన పొడవో, 2 అంగుళాలు మించిన వెడల్పో ఉన్న కత్తులు ఆయుధాల లెక్కలోకొస్తాయి. ఇంటిపనికీ సేద్యానికీ చేసినవి మినహాయింపు. నాలుగంగుళాల కత్తికి ఆ గొడవ లేదు. కానీ అభయారణ్యం వేరు. 1972 వన్యప్రాణి చట్టంలో ఆయుధం అన్న మాట కింద కత్తులు పేరుతో సహా ఉన్నాయి. రాతపూర్వక అనుమతి లేకుండా కత్తితో లోపలికి పోకూడదు. నిప్పు పెట్టడం కూడా నేరమే. మా నల్లమల పులుల అడవి, పెంచలకోన చుట్టూ ఉన్న పెనుశిల నరసింహ అభయారణ్యం రెండూ ఇందులోకే వస్తాయి. మా స్నేహితుడు నల్లమలలో నడుముకి కత్తి కట్టుకొని చెక్‌పోస్టు దగ్గర సగం రోజు కూర్చున్నాడు. కత్తి పోయింది, పరువూ పోయింది.

పెంచలకోన_నడక:
నేను గుడి దారిలో పోతుంటా కదా, అడవిలోకి దిగనే.

గిద్దలూరు_మలుపు:
నాలుగేళ్ళుగా నడుముకి కట్టుకున్నానని మీరే పైన రాశారన్నా. దిగినా దిగకపోయినా దారికి రెండు పక్కలా అభయారణ్యమే. రేంజి ఆఫీసులో ఒక్క మాట అడగండి, మిమ్మల్ని తప్పు పట్టి చెప్పట్లేదు.

పెంచలకోన_నడక:
అడుగుతా. ఇన్నేళ్ళూ ఆ ఆలోచన రాలేదు, నిజమే.

గూడూరు_నిమ్మతోట:
తోలు ఒరలో కార్బన్ కత్తి రోజులతరబడి ఉంచొద్దు. తోలు చెమ్మ పట్టి ఉంచుద్ది. ప్లాస్టిక్ ఒరే మేలు, కడిగితే పోద్ది.

దుర్గం_దారి:
అందరికీ దండాలు. స్టెయిన్‌లెస్ కంపానియన్ ఆర్డరు పెట్టి తెప్పించుకున్నా. బస్సులో ఒరతో సహా సంచి అడుగున, బట్టల కింద పెట్టుకొని పోయా. ఆదివారం మా బావ పొలంలోనే పరీక్షించా. వేప పుల్ల పొట్టు సన్నగా, మల్లెరేకుల్లాగా చుట్టలు చుట్టలుగా లేచింది, విడిపోకుండా పుల్లకే అంటుకొని. మొదటి అగ్గిపుల్లకే అంటుకుంది. ఉల్లిపాయ కూడా కళ్ళు మండకముందే తరిగేశా. నైలాన్ తాడు మాత్రం జారుతుంది, అంచుకి పట్టు దొరకట్లేదు. కొలిమి అన్నా, మీ నాయన ఇంకా పని చేస్తున్నారా? తాత లాగా అంచు మాత్రం తాకించి ఒక చిన్న మచ్చుకత్తి చేసిస్తానంటే కొత్త పట్టా ముక్క నేనే తెస్తా.

కొలిమి_మనవడు:
చేస్తాడు. తిత్తి బదులు ఇప్పుడు కరెంటు బ్లోయరు. ఇనుము పెట్టి కొట్టే దాగలి మాత్రం తాతదే. తాడు కోయాలంటే అంచుని సానరాయి గరుకు వైపు రెండుసార్లు లాగి వదిలెయ్, నున్నగా చేయొద్దు. వచ్చేటప్పుడు పిడికి ఎండిన తుమ్మ మొద్దు ఒక జానెడు పట్టుకొని రా, పచ్చిది వద్దు.