అప్‌డేట్: బోరు దొంగలను ఆపడానికి కంచెకు కరెంటు పెట్టొచ్చా?

బోరు కేబుల్, స్టార్టరు ఎత్తుకుపోతున్నారు, రాత్రిళ్లు కంచెకు కరెంటు వదలొచ్చా అని ఇక్కడే అడిగాను. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్. "ముందు క్రిమినల్ లాయర్‌ని కలవండి" అన్న సలహానే పనికొచ్చింది.

ఆయన తేల్చింది: పెట్టకూడదు. ఆస్తి కోసం ప్రాణం తీసే దాకా వెళ్లే హక్కు భారతీయ న్యాయ సంహిత 41వ సెక్షన్‌లో (పాత ఐపీసీ 103) కొన్నిటికే ఉంది: దోపిడీ, చీకటిపడ్డాక ఇల్లు పగలగొట్టడం, ఇంటికో సరుకుండే కట్టడానికో నిప్పు పెట్టడం, చావు లేదా తీవ్ర గాయం తప్పదన్న సహేతుక భయం కలిగించే దొంగతనం. ఆరుబయట కేబుల్ కోసుకెళ్లడం మామూలు దొంగతనం. అడ్డుకోవచ్చు, చంపకూడదు. తాళమేసిన షెడ్డును రాత్రి పగలగొడితే లెక్క వేరు, కానీ అక్కడా 37వ సెక్షన్ ప్రకారం అవసరానికి మించి కొట్టకూడదు. పట్టుకుని కట్టేశాక కొట్టడానికి ఈ హక్కు అసలే వర్తించదు.

తీగకు దొంగెవరో, గడ్డికొచ్చిన కూలీ ఎవరో తెలియదు. చెరూబిన్ గ్రెగరీ కేసులో మరుగుదొడ్డికి కరెంటు తీగ పెట్టి, అది తగిలి ఒకామె చనిపోతే, ఆ యజమానికి పడిన శిక్షను సుప్రీంకోర్టు 1963లో ఖాయం చేసింది. చనిపోయినామె అనుమతి లేకుండా వచ్చిందన్న వాదన నిలవలేదు. కాబట్టి "సొంత పొలమే కదా" అన్న పాయింటు పక్కన పెట్టేయండి.

ఇప్పుడు కేబుల్‌ను పైపులో భూమిలోకి దించి, స్టార్టరును తాళమేసిన ఇనప పెట్టెలో పెట్టించాను.