ఎన్‌డీఏ (కంపెనీ రహస్యాలు బయట చెప్పనన్న ఒప్పందం) మీద రేపటికల్లా సంతకం పెట్టమంటున్నారు, పెట్టేయనా?

అందరికీ నమస్కారం. అమెరికా వచ్చి నెల కూడా కాలేదు. మొదటి ఉద్యోగం వచ్చింది, ఆఫర్ లెటర్‌తో పాటు తొమ్మిది పేజీల ఎన్‌డీఏ పంపారు. సగం అర్థం కాలేదు. అందరూ పెట్టేదే అంటున్నారు గానీ టెన్షన్‌గా ఉంది.

---

తమ్ముడూ, ముందుగా అభినందనలు. ఎన్‌డీఏ అడిగారని కంగారు పడకు, చాలా కంపెనీలు అడుగుతాయి. చదవకుండా మాత్రం పెట్టకు. రెండు రోజులు టైమ్ కావాలని హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టు, అంతమాత్రానికి ఆఫర్ వెనక్కి తీసుకున్నవాళ్లను నేనైతే చూడలేదు.

'రహస్య సమాచారం' అంటే ఏమిటని రాశారో మొదట చూడు. కస్టమర్ల జాబితా, ధరలు, సోర్స్ కోడ్ అని విడమరిచి రాస్తే మంచిదే. 'ఉద్యోగంలో తెలుసుకున్నదంతా' అని ఉంటే ఆగు, ఎందుకంటే రేపు ఇంకో చోట చేరినప్పుడు నువ్వు నేర్చుకున్న పనితనం కూడా మాదేనని వాదించడానికి అందులో దారి ఉంది. బయట అందరికీ తెలిసినవి, చేరకముందే నీకు తెలిసినవి దీని కిందికి రావని ఒక పేరా ఉండాలి, లేకపోతే చేర్చమని అడుగు.

ఇంకోటి, ఎన్‌డీఏ అని పేరు పెట్టి లోపల వేరేవి దూరుస్తారు. మానేశాక ఇన్నాళ్లు పోటీ కంపెనీలో చేరకూడదనో, రాత్రిళ్లు ఇంట్లో రాసుకున్న కోడ్ కూడా కంపెనీదేననో. పోటీ కంపెనీ షరతు కాలిఫోర్నియాలో చెల్లదు, చాలా రాష్ట్రాల్లో చెల్లుతుంది. నీ పాత ప్రాజెక్టులు రాయడానికి చివర్లో ఖాళీ పేజీ ఉంటే దాన్ని అలాగే వదిలెయ్యకు.

నేను మొదటి ఉద్యోగం మానేసేటప్పుడు, నేను రాసిన డాక్యుమెంట్లే కదా అని సొంత మెయిల్‌కి పంపుకున్నాను. మూడు వారాలకు లాయర్ నోటీసు వచ్చింది. అన్నీ అప్పగించి, నా దగ్గర కాపీలు లేవని రాసిచ్చేదాకా నిద్ర పట్టలేదు. నువ్వు ఆ పని చెయ్యకు.

---

అన్నయ్య చెప్పింది కరెక్ట్. ఒకటి కలుపుతాను. సంతకం పెట్టినంత మాత్రాన కంపెనీ తప్పు చేస్తున్నా నోరు మూసుకోవాలని కాదు. చట్టం మీరుతున్నారని అనుమానం వస్తే, ఆ సంగతి ఫిర్యాదు కోసం గోప్యంగా ప్రభుత్వ అధికారికో లాయర్‌కో చెప్పావని, ట్రేడ్ సీక్రెట్ (వ్యాపార రహస్యం) బయటపెట్టావంటూ నీ మీద కేసు వేస్తే నిలవదు. 2016లో వచ్చిన డిఫెండ్ ట్రేడ్ సీక్రెట్స్ యాక్ట్‌లోనే ఆ రక్షణ ఉంది. జీతం గురించి తోటివాళ్లతో మాట్లాడుకునే హక్కు కూడా, ప్రైవేటు కంపెనీల్లో సూపర్‌వైజర్లు కాని ఉద్యోగులకు, 1935 నాటి కార్మిక చట్టం నుంచే ఉంది. వీసా పోతుందన్న భయంతో మన పిల్లలు ఇవేవీ అడగరు, చూస్తే బాధేస్తుంది.

---

అన్నయ్యా, అక్కా, చాలా థాంక్స్. మెయిల్ పెట్టాను, సోమవారం దాకా టైమ్ ఇచ్చారు. కాలేజీలో చేసిన రెండు యాప్‌లు ఆ ఖాళీ పేజీలో రాస్తున్నాను. పోటీ కంపెనీ షరతు ఏడాదని ఉంది, నేనుండేది టెక్సాస్, దాన్ని మాత్రం లాయర్‌కి చూపించాకే సంతకం పెడతాను.